రెండో అడ్మిషన్

అప్పుడూ ఐదేళ్ళకే ఇచ్చారు వీసా,
ఇప్పుడూ ఐదేళ్ళకే.
స్టూడెంటు అని ఉన్న చోట
రిటైర్డ్ అని రాశారు, అంతే.
ఫోటోకి కళ్ళజోడు తీయమన్నారు, రెండుసార్లూ.

అబుదాబిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు
మందుల కౌంటరు వెనక నిలబడిన కాళ్ళివి.
చివరి జీతం పడిన రోజు
అన్న రాజంపేట నుంచి ఫోన్ చేసినాడు:
"మేడమింద గది ఏపిచ్చినా, వచ్చెయ్ పాపా."
వేయించినాడు, నిజమే.
కిటికీ కూడా నేనడిగిన వైపే పెట్టించినాడు.
కానీ కళ్ళు మూసుకుని తిరగగలిగిన ఊరు
నాకు ఒక్కటే. అజ్మాన్.

తిరగగలను అనుకున్నాను.
హాస్టలు కింద ఇప్పుడు టైర్ల కొట్టు.
పైన మా గది కిటికీని ఎవరిదో ఏసీ మూసేసింది,
చుక్క చుక్క, కింద ప్లాస్టిక్ బకెట్లోకి.
ఆ కిటికీలో కూర్చునే ఇత్తిదాల్
ఖార్తూమ్‌కి ఉత్తరాలు రాసేది, కుడి నుంచి ఎడమకి,
నేను రాజంపేటకి ఎడమ నుంచి కుడికి,
మోచేతులు తగులుకునేవి.
నాకు ఆర్గానిక్ కెమిస్ట్రీ నేర్పాలని మొదలుపెట్టి
ఎండు బెండకాయ పొడితో పులుసు కాయడం నేర్పింది.
ఆ పేపరు రెండుసార్లు తప్పాను.
పులుసు ఎప్పుడూ తప్పలేదు.
వార్తల్లో ఖార్తూమ్ అన్న మాట వినబడితే
టీవీ సౌండు పెంచుతాను.
కాసేపటికి తగ్గిస్తాను.

నాన్న కొట్టు సూక్ వెనక సందులో.
కందూరాలు కుట్టేవాడు.
ఓబులేసు అంటే నోరు తిరగక
వచ్చినవాళ్ళంతా అబూ లైస్ అన్నారు.
సింహం తండ్రి అని అర్థమట.
ఓబుళం గుహలో ఉండాల్సిన సింహం
సముద్రం దాటొచ్చి
కుట్టు మిషను పక్కన ఒదిగి పడుకుంది.
"ఆ సింహం నేనేనా నాయనా?" అని అడిగితే
"ముందు ఫీజు కట్టనీమ్మా, తర్వాత గర్జిద్దువు"
అన్నాడు, పళ్ళతో దారం కొరుకుతూ.

ఫీజు అన్నీ చిన్న నోట్లే.
క్యాషియరు లెక్కపెట్టినంతసేపూ
నేను గోడ గడియారం చూసేదాన్ని.
కందూరా కుట్టుకూలి పద్దెనిమిది దిర్హాములు.
ఒక డిగ్రీకి ఎన్ని కందూరాలో
ఏ పరీక్షలోనూ అడగలేదు.
అడిగుంటే నూటికి నూరు.

నిన్న సాయంత్రం, ఎండ తగ్గాక,
కాలేజి దాకా నడిచాను. రెండుచోట్ల ఆగాను.
కార్డు తాకితేనే తెరుచుకునే కొత్త గేటు.
సెక్యూరిటీ అబ్బాయి జేబు మీద పేరు: లింబాద్రి.
"నిజామాబాదు పక్కనా?"
"భీంగల్, మేడం. మీకెట్ల ఎర్క?"
ఆ పేరే చెప్తుంది కదయ్యా.
"బిడ్డ అడ్మిషనుకు వచ్చిన్రా?"
కాదు, నాదే అన్నాను.
నవ్వాడు. నేనూ నవ్వాను,
అబద్ధమైతే చెప్పలేదు.
లోపలికి పంపలేదు, రూలు రూలే.
తన కుర్చీ తెచ్చి గేటు నీడలో వేసి
తను నిలబడ్డాడు.

పిల్లలు బయటికి వస్తున్నారు.
ఒకమ్మాయి తెల్ల కోటు చేతి మీద వేసుకుని
ఫోన్లో ఎవరినో అరబ్బీలో కసురుతోంది.
కోటు కింది అంచు కుట్టు విడిపోయింది,
చెప్పాలనిపించింది, చెప్పలేదు.

ఇంటికొచ్చి పెట్టె తీశాను.
నాన్న పోయినప్పుడు అన్న ఇల్లు తీసుకున్నాడు,
నేను కొలతల పుస్తకం తీసుకున్నాను.
మెడ, భుజం, చెయ్యి, పొడుగు.
హమద్ డ్రైవరు, చేపల జుమా, పోలీసాయన తమ్ముడు,
పేర్లన్నీ తెలుగులో, అంకెలన్నీ అంగుళాల్లో.
చివరి పేజీలో నా తెల్ల కోటు.
భుజం పద్నాలుగు, చెయ్యి ఇరవై రెండు.
పక్కన పెన్సిలుతో:
కొంచెం వదులు పెట్టాల.
ఐదేండ్లు రావాల.